రంగం పోయినాయన గుచ్చిన పోగులు

మట్టెవాడలో మేం పుట్టి పెరిగిన ఇల్లు విప్పుతున్నారని తెలిసి మొన్న చూడ్డానికి పోయాను. విప్పేది మా తమ్ముడి కొడుకులే. స్లాబు వేసి కింద దుకాణాలకు మడిగెలు, పైన కిరాయికి అర్రలు కడతారట. మంచిదే. నేను పోయేసరికి పెంకులన్నీ దించి గోడ పొంటి పేర్చారు. మగ్గాల అర్ర కప్పు లేకుండా నిలబడి ఉంది. ఆ అర్రలో ఎండ అట్లా నిట్టనిలువుగా పడడం నేనెప్పుడూ చూడలేదు. మాకు అది ఎప్పుడూ చీకటిగా, చల్లగా, గంజి వాసన వేసే చోటు. మగ్గం గుంటలు ఎప్పుడో పూడ్చేశారు గాని, పూడ్చిన చోట నేల రంగు వేరేగానే ఉంది. నేను అక్కడ నిలబడి ఉండగా పెద్దోడు గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి కట్ట ఒకటి తెచ్చాడు. "అత్తమ్మా, అటక మీద దొరికింది. పారెయ్యమంటవా?" అన్నాడు. పైన కట్టిన ముడి చూడగానే అది ఎవరి చేతి ముడో నాకు తెలిసిపోయింది. "పారెయ్యకు, నాకియ్యి. పన్నె అది" అన్నాను. "పన్నె అంటే?" అన్నాడు వాడు. నేతగాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లాడు ఆ మాట అడిగాడని నాకు కోపం రాలేదు. వాడు పుట్టేసరికే మా ఇంట్లో మగ్గాలు లేవు మరి. పడుగు పోగులు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా పట్టి ఉంచే దువ్వెన లాంటిది బిడ్డా అని చెప్పాను. వాడు తలూపి, ఫోన్ మోగితే పక్కకు పోయాడు. ఆ కట్టను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాను. విప్పడానికి చేయి రాలేదు.

అది నర్సత్త పన్నె. నర్సత్త మా బాపుకు అక్క. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే ఉంది. తెల్లారకముందే లేచి చన్నీళ్ళు పోసుకునేది. పాదాలకు పసుపు రాసుకుని, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని, రెండు చేతుల నిండా మట్టి గాజులతో మగ్గం గుంటలో దిగేది. ఆ గాజుల చప్పుడూ, పడుగులో అటూ ఇటూ ఉరికే నాడె చప్పుడూ కలిసి వస్తేనే మాకు తెల్లారినట్టు. అప్పటికి గల్లీలో పడుగులు చాపి గంజి పెడుతుండేవాళ్ళు. ఇంటింటి ముందు గుంజలకు కట్టిన దారాలు, వాటి మీద కుంచె లాగుతూ నడిచే మగవాళ్ళు, పులిసిన గంజి వాసన. బడికి పోయే పిల్లలు ఆ పడుగుల కింద నుంచి వంగి దూరిపోవాలి. నేను అయిదో తరగతి దాకా అట్లా వంగి పోయాను. తర్వాత నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టారు, నూలు కండెలు చుట్టడానికి, తెగిన పోగు అతకడానికి. అందుకే నాకు చదువు తక్కువ, చెవులు ఎక్కువ. రాట్నం తిప్పే మనిషికి చేతులకే పని గాని చెవులకు ఏం పని?

నర్సత్త మొగుడు వీరస్వామి మామను నేను చూడలేదు. మా బాపే సరిగా చూడలేదు. అత్త కాపురానికి పోయిన కొత్తలోనే, కేసముద్రం దగ్గర వాళ్ళ ఊళ్ళో నేతకు నూలు దొరకని రోజుల్లో, ఎవరో మేస్త్రీ వచ్చి రంగంలో బియ్యం మిల్లుల్లో పని ఉందని చెప్పాడట. రంగం అంటే రంగూన్. రెండేళ్ళు చేసి వస్తానని మామ ఆ మేస్త్రీ వెంట పోయాడు. పోయే ముందు మగ్గానికి కొత్త పడుగెక్కించి, పన్నెలో పోగులన్నీ తన చేత్తోనే గుచ్చాడు. "నేను గుచ్చిన పోగులు, నేనొచ్చేదాక పన్నె ఖాళీ చెయ్యకు" అని భార్యకు చెప్పి పోయాడు. తర్వాత యుద్ధం వచ్చింది. రంగంలో బాంబులు పడ్డాయన్నారు. మనిషి రాలేదు, కబురూ రాలేదు.

మగ్గం సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. పడుగు నేసి అయిపోయినాక బట్ట కోసి దింపుకుంటారు గాని, పన్నెలో ఉన్న పోగుల కొసలు తీయరు. ఆ కొసలకే కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటి మెలేసి అతుకుతారు. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుంటారు. అట్లా అతికితే మళ్ళీ గుచ్చే పని తప్పుతుంది. కానీ వేరే రకం బట్ట నేయాలంటే పన్నె మార్చాలి, పాత పోగులు తీసేయాలి. అందరూ తీస్తారు. అత్త తీయలేదు. అత్తామామలు పోయినాక మా బాపు ఆమెను తీసుకొస్తే, పోగులు ఊడకుండా పన్నెను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బండిలో వచ్చిందట. నూలిచ్చి బట్ట కొనే సొసైటీ వాళ్ళు దుప్పట్లు నేయమన్నా, చీరలు నేయమన్నా ఆమె ఆ ఒక్క పన్నె మీద ఆ ఒక్క రకం తువ్వాలలే నేసింది. పక్క మగ్గాల వాళ్ళకు నాలుగు డబ్బులు ఎక్కువ వస్తుంటే ఈమె చూస్తూనే ఉండేది. మామ గుచ్చిన అసలు పోగులు ఎప్పుడో బట్టలో కలిసి, ఎవరి భుజం మీదో చినిగి పోయి ఉంటాయి. అయినా దాని కొస పట్టుకుని ఇంకోటి, దాని కొస పట్టుకుని ఇంకోటి, ఆ వరుస మాత్రం తెగలేదు.

ఏళ్ళు గడిచినాక కులపెద్దలు వచ్చి, రాని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలన్నారట. "బొమ్మను కాలవెడితె బొమ్మ కాలుతది. మనిషెట్ల సస్తడు?" అని అత్త వాళ్ళకు మంచినీళ్ళిచ్చి పంపించిందని అవ్వ, అంటే మా అమ్మ, చెప్పేది. అట్లా ఆమె పునిస్త్రీగానే ఉండిపోయింది. ఉండిపోవడమే కాదు, గల్లీలో ఏ పెళ్ళయినా నల్లపూసలు గుచ్చేది ఆమె. దారం చేతిలో ఉంటే ఆమెకు ఎవరూ సాటి రారు. మా అక్క మెడలోవీ, పక్కింటి వదిన మెడలోవీ ఆమె గుచ్చినవే. నావి కూడా నువ్వే గుచ్చాలని నేను చిన్నప్పుడే మాట తీసుకున్నాను.

ఇట్లా ఉండగా మా ముందర్రలోకి సుజాతక్క కిరాయికి వచ్చింది. ఊరు డోర్నకల్, వాళ్ళ నాయన రైల్వేలో పని. హాస్టల్‌లో జాగా దొరకలేదని మా ఇంట్లో దిగింది. పొద్దున బస్సెక్కి యూనివర్సిటీకి పోయేది, సాయంత్రం చంకలో పుస్తకాలతో వచ్చేది. మా అవ్వకు ఆ చదువేంటో అర్థం కాలేదు.

"ఏం సదువు బిడ్డా నీది? డాక్టరా?"

"కాదత్తమ్మా. మన దేశం నుంచి సముద్రాలు దాటి పోయినోళ్ల చరిత్ర. ఫిజీకి, మారిషస్‌కు, మలయాకు, బర్మాకు. వాళ్లెట్ల పోయిన్రు, ఆడ ఎట్ల బతికిన్రు, ఏం పండుగలు చేసుకున్నరు, అన్నీ."

"పోయినోళ్ల గురించి సదివితె ఉన్నోళ్లకు నౌకరిస్తరా?"

"ఇస్తే ఇస్తరు. ఫికర్ చెయ్యకు, కిరాయైతె తప్పదు" అని నవ్వింది. అవ్వ కూడా నవ్వింది. మగ్గం గుంటలో మాత్రం నాడె ఆగిపోయింది. "బర్మా అంటె రంగమేనా?" అని లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది.

ఆ రోజు నుంచి సుజాతక్క సాయంత్రాలు మగ్గాల అర్రలోనే కూర్చునేది. గోడకు ప్రపంచ పటం ఒకటి కొట్టింది. తాను చదివింది మాకు కథలాగా చెప్పేది. చెరుకు తోటల్లో పని చేసిన వాళ్ళు, రబ్బరు చెట్లకు గాటు పెట్టిన వాళ్ళు, మూటలో చింతగింజలు, పసుపు కొమ్ములు కట్టుకుని ఓడెక్కిన ఆడవాళ్ళు. మనవళ్ళకు తెలుగు రాకున్నా, పెళ్ళిలో తలంబ్రాలు మాత్రం విడవని ఇళ్ళు. నేను రాట్నం తిప్పుతూ ఆ దేశాలన్నీ తిరిగి వచ్చాను. అత్త ఒకటే అడిగేది. "రంగం ఏడున్నది సూపెట్టు." సుజాతక్క చూపించింది. అత్త వరంగల్ మీద బొటనవేలు పెట్టి, రంగం మీద చిటికెన వేలు పెట్టి చూసుకుంది. "గింతేనా? జానెడన్న లేదు" అంది. నుదుటి బొట్టు వేలితో తాకి, ఆ కుంకుమ రంగం మీద అద్దింది. సుజాతక్క పటం ఖరాబైతుందని ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఆమె బస్సు దిగి రాగానే అత్త ప్రశ్న అదే. "ఇయ్యాల సదివిన దాంట్ల మనోడు దొరికెనా?" పుస్తకాల్లో వేల మంది ఉంటారు గాని పేర్లు ఉండవని ఆ పిల్ల ఎట్లా చెబుతుంది? "ఇంకా చదువుతాన అత్తమ్మా" అనేది. ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి పోయేది.

అప్పుడే ఆమెకు వాళ్ళ డోర్నకల్‌లోనే రంగం నుంచి నడిచి వచ్చిన ముసలాయన ఒకాయన ఉన్నాడని తెలిసింది. దావీదు తాత. చర్చి పక్కన ఉంటాడు, వయసులో రంగం ఓడరేవులో మూటలు మోశాడు. ఆయన మాటలు టేపులో ఎక్కించుకోవాలని, ఎట్లాగూ చెబుతాడు గదా అత్త కూడా వింటుందని, ఒక ఆదివారం ప్యాసింజర్ బండిలో మా ఇంటికి తీసుకొచ్చింది. ఆయన ఏం చెబుతాడో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. అత్త పొద్దున్నే లేచి అన్నం, పచ్చిపులుసు, కోడిగుడ్ల కూర చేసింది. ఆ రోజు గాజులు ఇంకో రెండు ఎక్కువే వేసుకుంది.

తాతను మగ్గాల అర్రలో చాప మీద కూర్చోబెట్టారు. సుజాతక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళ దగ్గర తెచ్చిన టేపు మిషను ముందు పెట్టింది. అత్త విస్తరి వేసి వడ్డిస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది. "అన్నా, రంగంల మా వరంగల్ దిక్కోళ్లు ఎవలన్న కనవడ్డరా?"

తాత ఆమె వైపు చూశాడు. ఆ బొట్టు, ఆ గాజులు, ఆ పసుపు పాదాలు చూసి, పిల్లాపాపలతో నిండుగా ఉన్న ఇంటామె అనుకున్నాడు. ఇంకేం అనుకుంటాడు? "ఎందుకు కనవడరు చెల్లె? ఒక పిలగాడైతె నా తోటే ఉండె. మీ సాలోళ్లే. వీరస్వామి అని" అన్నాడు.

నా చేతిలో రాట్నం ఆగింది. బాపు తన మగ్గంలో నాడె పట్టుకున్న చేయి అట్లాగే ఉంచాడు. తాత అన్నం కలుపుకుంటూ చెప్పుకుపోయాడు.

"బాంబులు వడ్డంక అందరం నడుసుడు వట్టినం చెల్లె. గుట్టలు, అడివి, ఒకటే వాన. గాయన నడుసుకుంటనే వేళ్లు గిట్ల గిట్ల ఆడిచ్చెటోడు. ఏందిర వీరన్నా గజ్జి లేసిందా అంటె, 'పోగులు అతుకుతాన, లేకుంటె చెయ్యి మరిచిపోతది' అనెటోడు. నవ్వి సచ్చెటోళ్లం. ఇంటికాడ పన్నె గుచ్చి వచ్చిన, తియ్యద్దన్న, గామె తియ్యది అని రోజొక్కసారన్న అనాలె. గంతే ఆయన ముచ్చట. తర్వాత ఒక వాగు కాడ నెత్తురు విరేచనాలు వట్టినయ్. తెల్లారి సూస్తె లేడు. కాలవెడదామంటె కట్టెలు తడి. కప్పుదామంటె గుడ్డ లేదు. బట్టలు నేసెటోడు చెల్లె, మీద కప్పెటందుకు గజం గుడ్డ దొరకలె. టేకాకులు తెచ్చి కప్పిన. మీ మంత్రాలు నాకు రావు. నాకొచ్చిన ప్రార్థన చదివి లేచిన."

అత్త గరిటె పట్టుకుని నిలబడే ఉంది. "టేకాకులు పెద్దగుంటయ్. గాలికి లేవయ్" అంది. అంతకన్నా మెల్లగా, "పెండ్లాం పేరేమన్న చెప్పెనా?" అని అడిగింది.

"పేరు తీస్తరా అమ్మా మనోళ్లు? ఇంటామె ఇంటామె అనెటోడు. ఉన్నదా మరి గామె?"

బాపు లేవబోయాడు. అత్త చేత్తోనే ఆగమంది. "ఉన్నది. నేస్తాంది" అంది. "అన్నం సల్లారుతాంది, తిను అన్నా" అని ఇంకింత పులుసు పోసింది. సుజాతక్క మిషను ఆపడం మరిచిపోయింది. ఆయన పులుసు జుర్రుకునే చప్పుడు, విస్తరి చప్పుడు, అత్త గాజుల చప్పుడు అన్నీ అందులో పడ్డాయి.

తాతను బండెక్కించి వచ్చినాక సుజాతక్క అత్త కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. "నాకు తెల్వదు అత్తమ్మా, తెలిస్తే తీస్కరాకపోదు." అత్త ఆమె తల నిమిరింది. "దొరికిండు కదా బిడ్డా. ఎతుకుమన్నది నేనే కదా" అంది. బాపు కండ్లు తుడుచుకుని, "అక్కా, ఇగనన్న దినాలు చేద్దాం" అన్నాడు. అప్పుడు అత్త చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "నేను గుచ్చిన నల్లపూసలు గీ గల్లీల ఎందరి మెడలల్ల ఉన్నయో ఎరికేనా నీకు? ఆయన ఎప్పుడో పోయిండంటె, గా పిల్లలందరి గుండెల్ల రాయి వడదా? ముండమోసింది గుచ్చిందని వాళ్ల అత్తలు అనరా? ఎవలకు చెప్పకుండ్రి." బాపు తలొంచుకున్నాడు. అట్లా ఆ సంగతి మా ఇంటి నాలుగు గోడల్లో ఆగిపోయింది.

ఆ పడుగు అయిపోయేదాకా అత్త ఎప్పటిలాగే నేసింది. అయిపోయిన రోజు చివరి తువ్వాల కోసి మడత పెట్టి సుజాతక్కకు ఇచ్చింది. "దావీదన్నకియ్యి. కప్పినోనికి బట్ట పెట్టాలె" అంది. సుజాతక్క డోర్నకల్ పోయి, స్టేషన్‌లోనే ఆయన కనబడితే ఆ మాట చెప్పి ఇచ్చి వచ్చింది. తువ్వాల చేతిలోకి తీసుకుని, 'కప్పినోనికి' అన్న మాట విన్నాక ఆయనకు అప్పుడు తెలిసిందట. "గామెనా? గామె ముంగటనా నేను గన్ని మాటలన్నది?" అని, తువ్వాల ముఖానికి కప్పుకుని ప్లాట్‌ఫారం బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడట. ఇక్కడ అత్త మగ్గాల అర్ర తలుపు దగ్గరేసుకుని పన్నె దించింది. గోనెపట్టాలో చుట్టి అటకెక్కించింది. పోగులన్నీ తీసి పన్నె ఖాళీ చేసిందని అవ్వ పొయ్యి దగ్గర కళ్ళొత్తుకుంది. మేమందరం అట్లాగే అనుకున్నాం. తర్వాత అత్త మళ్ళీ మగ్గం గుంటలో దిగలేదు. నా పక్కన కూర్చుని బాపుకు కండెలు చుట్టింది.

సుజాతక్క తన పుస్తకంలో ఆ సంగతి రాయొచ్చా అని అడిగింది. "రాయి. ఆయన పేరు రాయి, ఊరు రాయి, టేకాకులు రాయి. నా పేరు ఒద్దు" అంది అత్త. పాపం ఆ పిల్ల చాలా పేజీలు రాసుకుంది. చివరికి, మొత్తం వేల మంది సంగతి కాబట్టి ఒక్క మనిషికి అంత చోటు ఉండదని తానే తగ్గించాల్సి వచ్చింది. "నాలుగు లైన్లకు దించిన అత్తమ్మా" అని దొంగలా చెప్పింది. "ఆకుల కింద ఉన్నోనికి నాలుగు లైన్లు శానా బిడ్డా" అంది అత్త. పట్టా వచ్చినాక సుజాతక్క ఎక్కడో కాలేజీలో పనికి పోయింది. పటం మాత్రం గోడకే ఉండిపోయింది. రంగం మీద కుంకుమ నల్లబడి, అక్కడే కాగితం చిరిగింది.

నా పెళ్ళి కుదిరినప్పుడు నల్లపూసల గిన్నె తీసుకుని అత్త ముందు కూర్చున్నాను. "మాటిచ్చినవ్ అత్తా" అన్నాను. "కండ్లు మసకైనయ్ సరూపా, ఇంకోలతోని గుచ్చిచ్చుకో" అంది. సందె చీకట్లో సూదిలో దారం ఎక్కించే మనిషి. గల్లీ ఆడవాళ్ళు ఊరుకోలేదు. "ఏందో మేనగోడలంటె గింత కోపం!" అని ఒకరు, "సొంత కోడలైతె గుచ్చకపోవునా?" అని ఇంకొకరు. అత్త నవ్వింది. పెళ్ళినాడు ఇంటికి కాపలా ఉండాలని ఆగిపోయింది. బయలుదేరే ముందు ఆమె కాళ్ళకు మొక్కడానికి వంగితే చప్పున వెనక్కి తీసుకుంది. అప్పుడు చూశాను, ఆ పాదాలకు పసుపు లేదు. బొట్టు, గాజులు లోకానికి ఉంచి, ఎవరూ చూడని చోట ఎప్పటి నుంచో తీసేసింది. నేను ఆ పాదాలు పట్టుకుని ఏడ్చాను. పుట్టిల్లు విడిచిపోతున్నానని ఏడుస్తున్నాననుకున్నారు అందరూ.

అత్త పోయినప్పుడు గల్లీ ఆడవాళ్ళంతా వచ్చారు. పునిస్త్రీగా పోయింది, అదృష్టవంతురాలు అని ఆమె నుదుటి కుంకుమ తీసి తమ నుదుట పెట్టుకున్నారు, కొత్త కోడళ్ళకు పెట్టారు. అవ్వ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. వరుసలో నా వంతు వస్తే నేనూ పెట్టుకున్నాను.

ఇప్పుడు మా గల్లీలో గంజి వాసన లేదు. సగం ఇళ్ళ మగపిల్లలు భివండీలో, సూరత్‌లో, షార్జాలో ఉన్నారు. సుజాతక్క చదివిన చదువు ఇప్పుడు ఈ గల్లీ గురించే రాయొచ్చు. కాకపోతే ఇప్పటి వాళ్ళు రోజూ ఫోన్‌లో ముఖం చూపిస్తారు. తిన్న పళ్ళెం చూపిస్తారు. మా పక్కింటి కోడలు మొగుడితో ఫోన్‌లో కొట్లాడి కట్ చేసి, మళ్ళీ గంటకే చేస్తుంది. దాన్ని చూస్తే నాకు సంతోషమే. ఒక మాట కోసం నలభై ఏళ్ళు కూర్చోవడం ఎవరికీ రాకూడదు. అయినా ఆ కొట్లాట వింటున్నప్పుడల్లా, కొట్లాడుకోవడానికి కూడా మనిషి దొరకని మా అత్త గుర్తుకొస్తుంది.

నిన్న మధ్యాహ్నం ఆ కట్ట మంచం కింద నుంచి తీసి విప్పాను. ముడి బిగుసుకుపోయింది, పళ్ళతో లాగాల్సి వచ్చింది. పన్నె ఖాళీగా లేదు. పోగులన్నీ అందులోనే ఉన్నాయి. అటు జానెడు, ఇటు జానెడు వదిలి, జారిపోకుండా కుచ్చులు కుచ్చులుగా ముడులేసి పెట్టింది. రేపు కొత్త పడుగు అతకాలంటే ఎట్లా ఉంచుతారో అట్లా. పక్కన గుడ్డలో కట్టిన చిన్న మూట కూడా ఉంది. విప్పితే బూడిద, వేళ్ళకు అద్దుకునేది. కొంచెం తీసి నేనూ అద్దుకున్నాను. ఒక కుచ్చు ముడి విప్పి, ఒక పోగు కొస రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెలేశాను. చేయి మరిచిపోలేదు. దానికి అతకడానికి రెండో పోగు ఈ ఇంట్లో లేదు.